వరండాలో కూర్చోబెట్టిన వాళ్ళను వెతుక్కుంటూ

తిరుపతిలో పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనం వేళకు పలమనేరులో దిగొచ్చు. నేను మూడో రోజుకు చేరాను. దారి తెలియక కాదు, నేను వెతుకుతున్న మనుషులు ఎక్కడున్నారో తెలియక. వాళ్ళు మా సంఘం విడిచిపోయి ఏడు నెలలైన సంగతి కూడా నాకు ఆలస్యంగానే తెలిసింది. ఇరవై ఆరేళ్ళు పాస్టరుగా ఉన్న మనిషి గర్వంగా చెప్పుకునే ప్రయాణం కాదిది. అయినా ఇలాంటి ప్రయాణం చేయాల్సినవాళ్ళు నాలాగే ఇంకొందరు ఉంటారేమోనని రాస్తున్నాను.

తిరుపతి

దానియేలు బస్టాండు దగ్గర ఒక హోటల్లో గిన్నెలు కడిగేవాడు. అతని భార్య రూతమ్మ రెండు ఇళ్ళలో పనిచేసేది. వాళ్ళకు ఒక్కతే కూతురు, పదకొండేళ్ళది. మాట రాదు. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే నడుస్తుంది. పాట మొదలైతే ఆ బిడ్డకు ఎక్కడలేని హుషారు వచ్చి గొంతెత్తి అరుస్తుంది. పాట అయిపోయినా ఆ హుషారు ఒక పట్టాన దిగదు, ప్రసంగం మధ్యలో కూడా అరుస్తూనే ఉంటుంది.

పోయిన సంవత్సరం మా ఆరాధనను ఫోన్లలో లైవ్ ఇవ్వడం మొదలుపెట్టాము. కెమెరా చూసుకునేవాళ్ళు రెండు ఆదివారాలు ఓపిక పట్టి, మూడో ఆదివారం నాతో చెప్పారు. మైకులో నా గొంతు కంటే ఆ పాప గొంతే ఎక్కువ వినిపిస్తోందన్నారు. నేను ఇంటికి పోయి ఆ వీడియో చూశాను. నిజమే. ఇతర ఊళ్ళలో చూసేవాళ్ళు ఏమనుకుంటారో అని మనసులో మెదిలింది.

తర్వాతి వారం దానియేలును పక్కకు పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, చాలా మెత్తగా చెప్పాను. వరండాలో ఫ్యాను ఉంది, స్పీకరు కూడా పెట్టించాము, గాలి బాగా వస్తుంది, మీకే సౌకర్యంగా ఉంటుందని. సౌకర్యం అనే మాటే వాడాను. అతను "సరే అయ్యా" అన్నాడు. మూడు ఆదివారాలు ముగ్గురూ వరండాలో కూర్చున్నారు. నాలుగో ఆదివారం నుంచి రాలేదు. లోపల పీఠం మీద నుంచి చూస్తే వరండా కనిపించదు. వాళ్ళు రాకపోవడం నాకు తెలియలేదు.

ఈ జూన్ నెలలో పాస్టర్ల కూడిక ఒకదానిలో మాట్లాడమని నన్ను అడిగారు. అంశం, కొత్తవారిని చేర్చుకునే సంఘం. ఆదివారం మధ్యాహ్నం కూర్చుని రాసుకుంటున్నాను. మా ఆవిడ విమల మజ్జిగ తెచ్చి పెట్టి, కాగితం మీద పైన రాసిన మాట చదివింది.  తర్వాత అడిగింది.

"రూతమ్మా వాళ్ళు యాడుండారో తెలుసునా మీకు?"

తెలియదన్నాను.

"క్రిస్మసుకు ముందు నించీ లేరు. నేనూ ఇప్పుడే అనుకుంటా ఉండా. నాకూ సిగ్గుగానే ఉండాది."

దానియేలు నంబరుకు ఫోన్ చేశాను. ఆ నంబరు వాడుకలో లేదని వచ్చింది. తన తల్లి నగరిలో ఉంటుందని, మరమగ్గాల వీధి అని రూతమ్మ విమలకు ఎప్పుడో చెప్పి ఉందట. ముందు వాళ్ళను చూసి రమ్మని, తర్వాత కావాలంటే ఆ ప్రసంగం రాసుకొమ్మని చెప్పి, ఆమె నా సంచి సర్దడానికి పోయింది.

నగరి దారిలో

సోమవారం పొద్దున బస్సులో నా పక్కన కొండ దిగి వస్తున్న తమిళ కుటుంబం కూర్చుంది. తండ్రీ, తల్లీ, అవ్వా, చిన్న పిల్లా అందరికీ గుండ్లే, వాటి మీద చందనం. తిరుపతిలో పుట్టి పెరిగిన నాకు ఈ గుండ్లు కొత్త కాదు. మా ఊళ్ళో ఎవరూ ఎవరినీ నువ్వెవరని అడగరు, దర్శనం అయిందా అని మాత్రం అడుగుతారు.

అవ్వ సంచి విప్పి లడ్డూ తుంచి బస్సులో అందరికీ పంచింది. నా దగ్గరికి వచ్చేసరికి నేను చేతులు జోడించి, షుగరు ఉందమ్మా అని చెప్పాను. నాకు షుగరు లేదు. నేను ప్రసాదం తిననని నిజం చెప్పినా ఆమె ఏమీ అనుకునేది కాదు. పుత్తూరులో బస్సు ఆగినప్పుడు కిటికీ దగ్గరికి టీ వచ్చింది. కొనుక్కుని రెండు గుక్కలు తాగాక చూస్తే, అవ్వ నా గ్లాసు వైపే చూస్తోంది. అందులో చక్కెర పాకంలా ఉంది. ఆమె ముఖం తిప్పుకుని మనవరాలితో ఏదో మాట్లాడింది. నగరి వచ్చేదాకా నేను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను.

నగరి

మరమగ్గాల వీధిలో మాట వినపడదు. ప్రతి ఇంట్లోంచీ దడదడమని చప్పుడు. మనుషులు పెదవులు చూసి మాట తెలుసుకుంటారు. రూతమ్మ తల్లి కాంతమ్మ ఒక ఇంటి అరుగు మీద కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. నేనెవరో అడక్కముందే లేచి లోపలికి పోయి చెంబుతో మజ్జిగ తెచ్చింది. మా ఇంటికి ఎవరైనా వస్తే ముందు ఎవరు, ఏం పని అని అడుగుతాము, తర్వాతే నీళ్ళు. అక్కడ ముందు చెంబు చేతికి వస్తుంది.

తాగాక చెప్పాను, తిరుపతి పాస్టరునని. ఆమె చేతిలో నూలు ఆగింది.

"ఆ పాప ఎట్లుంది?" అన్నాను.

"ఆ పాపకి పేరుండాదయ్యా" అంది కాంతమ్మ. "ఎస్తేరు. మీరు పెట్టిన పేరే."

అవును. పదకొండేళ్ళ కిందట ఆ బిడ్డను చేతుల్లోకి తీసుకుని, ప్రార్థన చేసి, ఆ పేరు పెట్టింది నేనే. ఆ పేరు నోట్లోకి రాక ఆ పాప అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. నూలు చుడుతూ చెప్పుకుంటూ పోయింది. వాళ్ళు నాలుగు నెలలు తన దగ్గరే ఉన్నారట. ఈ మగ్గాల చప్పుడులో బిడ్డ ఎంత అరిచినా ఎవరికీ పట్టలేదట, ఆ నాలుగు నెలలూ రూతమ్మ బిడ్డ నోటికి చెయ్యి అడ్డం పెట్టలేదట. నేను ఫోన్ నంబరు అడిగాను.

"నంబరు ఇయ్యను" అంది. "నా బిడ్డను అడక్కుండా ఇయ్యను. అడిగితే అది వద్దంటాది. నువ్వు నిజంగా సూడాలనుకుంటే నువ్వే పో. చిత్తూరులో మామిడికాయల మండీలో మస్తాన్ సాబని ఉండాడు. ఈడ నించి పోయినాక వాళ్ళు కొన్నాళ్ళు ఆయన కాడ పనిజేస్తా ఆయనింట్లోనే ఉన్న్యారు. ఇప్పుడు పలమనేరులో పనిప్పించింది గూడా ఆయనే. పోయి అడుగు."

బస్టాండులో టిఫిను తిన్నాను. సాంబారు తమిళం రుచి, ఇడ్లీ మా ఊరి ఇడ్లీ కంటే చిన్నది, మెత్తనిది, ధర కూడా తక్కువే. అంతకంటే ఏమీ గుర్తులేదు. ఎస్తేరు, ఎస్తేరు అని మనసులో అనుకుంటూ కూర్చున్నాను, మళ్ళీ మరిచిపోతానేమోనని.

చిత్తూరు

మామిడి కాలంలో చిత్తూరు వాసన ఊరి బయటి నుంచే తెలుస్తుంది. గుజ్జు ఫ్యాక్టరీ ముందు కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. డ్రైవర్లు ట్రాక్టర్ల కిందే పడుకుని నిద్రపోతున్నారు. ఈసారి బెంగుళూరా కాయకు ధర లేదని టీ కొట్టు దగ్గర ఇద్దరు రైతులు వాదించుకుంటున్నారు. వాళ్ళలో ఒకాయన నాకు రెండు కాయలు చేతిలో పెట్టి, ఊరికే తీసుకో సామీ, అమ్మినా ఊరికే అమ్మినట్టే అన్నాడు.

మంగళవారం పొద్దున మండీలోకి తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకుని పోయాను. అది నా అలవాటు, తెల్లబట్టలు చూస్తే పాస్టరని తెలుస్తుంది, జనం దారి ఇస్తారు. అక్కడ ఎవరూ దారి ఇవ్వలేదు. తట్ట మోసుకొస్తున్న మనిషికి తప్పుకోబోయి, కుళ్ళిన కాయల మీద కాలు జారి, ఆ గుజ్జులోనే పడ్డాను. లేవబోయి మళ్ళీ పడ్డాను. నన్ను రెక్కలు పట్టి లేపిన మనిషినే మస్తాన్ సాబు ఎక్కడ ఉంటాడని అడిగాను. నేనేలే అప్పా, ముందు పైకి లెయ్ అన్నాడు.

దానియేలు పేరు చెప్పగానే ఇంకేమీ అడక్కుండా బండి మీద ఎక్కించుకుని ఇంటికి తీసుకుపోయాడు. వాళ్ళమ్మ నా అవతారం చూసి నవ్వు ఆపుకుని, స్నానానికి నీళ్ళు తోడింది. మస్తాన్ తన లుంగీ, గళ్ళ చొక్కా ఇచ్చాడు. మామిడి జీడి అంటిన బట్ట ఉతికినా తెల్లబడదని చెప్పి ఆమె నా బట్టలు నానబెట్టింది. అన్నట్టే అవి తెల్లబడలేదు.

కుష్కా అన్నం, దాల్చా పప్పు, వంకాయ కూర వడ్డించారు. వాళ్ళింట్లో మగవాళ్ళంతా కింద పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ చుట్టూ కూర్చుని తింటారు. నన్నూ వాళ్ళ మధ్యలో కూర్చోబెట్టారు. మా ఇంట్లో కొత్తవాళ్ళొస్తే టేబులు మీద వేరే పెడతాము, మర్యాద అని. నాకు మోకాళ్ళు నొప్పి, మడిచి కూర్చోలేకపోతుంటే మస్తాన్ వాళ్ళన్న దిండు తెచ్చి కింద వేశాడు.

తింటుండగా మస్తాన్ వాళ్ళమ్మ ఎస్తేరు సంగతి ఎత్తింది. ఆ బిడ్డ పొద్దున లేస్తే తన గదికే వచ్చేదట. తాను నమాజు చేసుకుంటుంటే పక్కనే కూర్చుని అరిచేదట. మొదట రూతమ్మ పరిగెత్తుకొచ్చి బిడ్డను లాక్కుపోయేదట. అట్లా లాక్కుపోవద్దని ఈమే చెప్పిందట. రెండు వారాలకు బిడ్డ కూడా తల నేలకు ఆనించడం నేర్చుకుందట. చెప్తూ ఆమె కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు మస్తాన్ నన్ను అడిగాడు.

"వాళ్ళ చర్చిలో పెద్దాయన ఎవురో ఆ బిడ్డను బయట కూర్సోబెట్టినాడంట. రూతమ్మ పేరు సెప్పలే. మంచోడే అనింది. నువ్వు తిరుపతే కదప్పా, ఆయన నీకు తెలుసునా?"

"తెలుసు" అన్నాను.

అంతే అన్నాను. వాళ్ళ చొక్కా తొడుక్కుని, వాళ్ళ దిండు మీద కూర్చుని, వాళ్ళ అన్నం తింటూ, అది నేనేనని చెప్పలేకపోయాను. నోరు తెరవబోయాను కూడా. ఇంతలో మస్తాన్ నా పళ్ళెంలో ఇంకో గరిటె దాల్చా వేశాడు. చెప్పడానికి కుదరలేదని ఆ గరిటె మీదికి నెట్టేసుకున్నాను. పళ్ళెంలో సగం వదిలి లేచాను.

సాయంత్రం మస్తాన్ కాగితం మీద పలమనేరు చిరునామా రాసిచ్చాడు. మునెప్ప అనే రైతు, పాడి ఆవుల దొడ్డి.

పలమనేరు

బుధవారం బస్సు మొగిలి ఘాటు ఎక్కుతుంటే గాలి మారింది. చిత్తూరులో చెమట, పైన చలిగాలి. దారి పక్కన టమోటా తోటలు, ఇంటింటి ముందూ ఆవులు. పాల క్యాన్లు కట్టుకున్న బండ్లు ఎదురొస్తున్నాయి. మా ఊళ్ళో టీలో పాలు వెతుక్కోవాలి. ఇక్కడ పాలలో టీ వెతుక్కోవాలి.

మునెప్ప దొడ్డిలో పన్నెండు ఆవులు ఉన్నాయి. దాని పక్క గదిలో దానియేలు వాళ్ళ కాపురం. గళ్ళ చొక్కాలో ఉన్న నన్ను రూతమ్మ మొదట గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక కొంగుతో స్టూలు తుడిచి వేసింది. కాళ్ళకు నీళ్ళు ఇచ్చింది. దానియేలు వచ్చి నమస్కారం పెట్టి, పేడ ఎత్తాల్సి ఉందని మళ్ళీ పోయాడు. ఎస్తేరు గడప మీద కూర్చుని నన్ను చూసింది. కొంచెం పొడుగైంది.

రూతమ్మ సంగటి కెలికి, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి, పప్పుతో పెట్టింది. నేను ఆవులు ఎన్ని పాలిస్తాయని అడిగాను. చలి ఎక్కువా అని అడిగాను. చెప్పాలనుకుని వచ్చిన మాట ఒక్కటే, అది తప్ప అన్నీ అడిగాను. సాయంత్రం ఇక్కడే కూడిక ఉంటుంది, ఉండిపొమ్మని ఆమే అంది.

కూడిక జరిగేది మేత వేసుకునే పాకలో. మునెప్ప హిందువే, బుధవారం సాయంత్రాలు పాక వాడుకొమ్మన్నాడట. పాలకేంద్రంలో పాలు తూచే శామ్యూలు అనే ఆయన వాక్యం చెప్తాడు. పదిహేను మంది దాకా వచ్చారు. మునెప్ప తల్లి, నుదుట పెద్ద బొట్టు ఉన్న ముసలామె, ఎస్తేరు పక్కనే కాళ్ళు చాపుకుని కూర్చుంది. నాకు గోతం పరిచారు. ఎవరని శామ్యూలు అడిగితే పేరు చెప్పాను, పాస్టరునని చెప్పలేదు. ఈసారి దాచిపెట్టాలని కాదు, చెప్పడానికి నోరు రాలేదు.

పాట మొదలైంది. ఎస్తేరు గొంతెత్తింది. పాట అయిపోయింది, ఎస్తేరు ఆగలేదు. శామ్యూలు పుస్తకం మూసి, ఆమె అయ్యేదాకా ఊరుకున్నాడు. తర్వాత మొదలుపెట్టాడు. కాసేపటికి ఆమె మళ్ళీ అరిచింది. ఆయన మళ్ళీ ఆగాడు. ఒక్కరూ తల తిప్పి చూడలేదు.

మూడోసారి అరిచినప్పుడు నా చెయ్యి లేచింది. నాకు తెలియకుండానే లేచింది. వేలు పెదవుల మీదికి పోయింది, పీఠం మీద నుంచి పిల్లల వైపు చూసి ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్నట్టే. రూతమ్మ నన్ను చూసింది. వెంటనే బిడ్డ చెయ్యి పట్టుకుని లేచి నిలబడింది. పాక గుమ్మం వైపు ఒక అడుగు కూడా వేసింది.

మునెప్ప తల్లి ఆమె చీర కుచ్చిళ్ళు పట్టి లాగింది.

"యాడికమ్మా లేస్తావు? కూర్సో. బిడ్డ ఇంకా సెప్తా ఉండాది."

రూతమ్మ కూర్చుంది. నేను చెయ్యి దించుకుని దాని మీద రెండో చెయ్యి పెట్టుకున్నాను. ఆ తర్వాత శామ్యూలు ఏం చెప్పాడో ఒక్క మాట కూడా నాకు గుర్తులేదు. క్షమాపణ అడగడానికి మూడు రోజులు తిరిగి వచ్చిన మనిషిని, వచ్చిన చోటే మళ్ళీ ఆమెను లేపాను.

అందరూ పోయాక పాకలోనే వాళ్ళిద్దరి ముందు నిలబడి తప్పు చేశానని చెప్పాను. వరండా సంగతీ, ఇప్పటి చెయ్యి సంగతీ. దానియేలు నేల చూస్తూ ఉన్నాడు. రూతమ్మ మాట్లాడింది.

"మీరు మంచిగానే సెప్పినారయ్యా. సెడ్డగా సెప్పింటే కోపమన్నా వచ్చుండు. మంచిగా సెప్పినారు కాబట్టి మాదే తప్పేమో అనుకున్న్యాము. బిడ్డను అరవద్దని నేను కొట్టినా. దేవుడి గుడిలో కూర్సోడానికి కొట్టినా."

ఇంకా చెప్పింది. డిసెంబరులో ఎస్తేరుకు ఫిట్స్ వచ్చి తిరుపతిలోనే ఆసుపత్రిలో చేర్చారట. బిడ్డ కళ్ళు తెరవలేదట. దానియేలు నాకు రెండుసార్లు ఫోన్ చేశాడట.

"డబ్బుకు కాదయ్యా. ఫోనులోనే ఒక్క మాట ప్రార్థన సేస్తారేమో అని. పక్క మంచం కాడ కడపామె ఎవురో నా చెయ్యి పట్టుకోని కూర్సునింది తెల్లారేదాకా."

ఆ ఫోన్లు నాకు గుర్తున్నాయి. క్రిస్మసు పాటల సాధన జరుగుతోంది. మోగినప్పుడు పేరు చూశాను. ఏదో సాయం అడుగుతాడనుకుని ఫోను బోర్లా పెట్టాను. ఆ మాట కూడా వాళ్ళకు చెప్పేశాను. చెప్పకుండా ఉంటే ఎప్పటికీ తెలిసేది కాదు, అయినా చెప్పాను. రూతమ్మ తల ఊపింది. క్షమించానని అనలేదు. లేదని కూడా అనలేదు. తిరిగి రమ్మని అడిగాను. ఈడ బాగుండాము అయ్యా అంది.

తిరుగు దారి

గురువారం పాలు పోసి వచ్చాక దానియేలు నన్ను బస్సు ఎక్కించడానికి వచ్చాడు.  బస్సు కోసం నిలబడినప్పుడు, కొత్త నంబరు తీసుకోండయ్యా అన్నాడు. నాకు అద్దాలు సంచిలో అడుగున ఉన్నాయి, నువ్వే ఎక్కించు అని ఫోను చేతికిచ్చాను. అతను తన పేరు కొట్టాడు. పాత నంబరు పైకి వచ్చింది. దాని పేరు చూసి అతని వేలు ఆగింది.

నేను ఆ నంబరును దానియేలు వరండా అని రాసి పెట్టుకున్నాను. సంఘంలో ఇంకో ఇద్దరు దానియేళ్ళు ఉన్నారు, గుర్తుకోసం అలా రాసుకున్నాను.

అతను ఏదో కొట్టి ఫోను నా చేతికిచ్చాడు. బస్సు వచ్చింది.

చిత్తూరులో దిగి మస్తాన్ ఇంటికి పోయాను, చొక్కా ఇవ్వాలి కదా. గుమ్మంలోనే నిలబడి, ఆ పాస్టరును నేనేనని చెప్పాను.  వాళ్ళమ్మే లోపలి నుంచి అంది.

"నువ్వు సగం అన్నం వదిలేసి లేస్తివి సూడు, అప్పుడే అనుకున్న్యా. రా, కూర్సోని తిను."

తిన్నాను. ఈసారి పళ్ళెంలో మెతుకు మిగల్చలేదు.

తిరుపతి బస్సులో అద్దాలు పెట్టుకుని ఫోను చూశాను. పాత పేరు తీసేశాడు. కొత్త నంబరు పైన ఎస్తేరు నాయన అని రాసి ఉంది.

ఆదివారం ఆరాధనలో ప్రసంగం చెప్పలేదు. పీఠం దిగి, సభ మధ్యలో నిలబడి, వరండా సంగతీ, ఎత్తని ఫోన్ల సంగతీ, పాకలో లేచిన చెయ్యి సంగతీ అన్నీ చెప్పాను. లైవ్ ఆపొద్దని ముందే చెప్పి ఉంచాను. కొంతమంది ఏడ్చారు. ఇద్దరు పెద్దలు, ఇవన్నీ బయట పెట్టాల్సింది కాదని తర్వాత మందలించారు. పాస్టర్ల కూడికలో మాట్లాడలేనని జాబు రాసి పంపాను. ఫోనులో దానియేలుకు నేను పెట్టుకున్న పేరు సంగతి మాత్రం సంఘం ముందు చెప్పలేకపోయాను.  అది ఇక్కడ రాశాను.